తిప్పి పంపిన పిలుపు

చనిపోయిన ఒక మనిషి గొంతును ఆ రోజు నేను అనుకరించి, వసారా నిండా ఉన్న జనాన్ని నవ్వించాను. ఆ నవ్వుల కోసం ఆయన మీద ఒక అబద్ధం కూడా చెప్పాను. తెలియక చెప్పలేదు. చెబుతున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు.

మా పాత కచేరీ చూడ్డానికి వెళ్లిన రోజు అది. ఉద్దానం ఊళ్లలో భూమి తగాదా ఏది వచ్చినా ఒకప్పుడు ఆ కచేరీ మెట్లెక్కాల్సిందే. దొరల కాలంలో కట్టిన భవనం. మందపాటి సున్నపు గోడలు, ఎత్తైన తలుపులు, చుట్టూ వసారా. ఆఫీసులు కొత్త భవనానికి వెళ్లిపోయాక చాలా ఏళ్లు తాళం వేసి ఉండిపోయింది. తుఫాను దాని పెంకులు ఎగరగొట్టేసింది. వాన నేరుగా లోపలే కురిసింది. ఇప్పుడు ప్రభుత్వం మళ్లీ పెంకులు కప్పించి, సున్నం కొట్టించి, జనం వచ్చి చూసే చోటుగా చేస్తోంది. తెరిచే ముందు, దాంతో పరిచయమున్న పాతవాళ్లను ఒక ఉదయం రమ్మన్నారు. నేను మా ఊరికి చాలాకాలం ప్రెసిడెంటుగా చేశాను. ఊరివాళ్ల పనులు నెత్తిన వేసుకుని ఆ కచేరీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. అందుకని నన్నూ పిలిచారు. మా చెల్లెలి భర్త, బావ, నాకు తోడొచ్చాడు.

లోపల నడుస్తుంటే కొత్త సున్నం వాసన కింద నుంచి పాత గబ్బిలాల వాసన వస్తూనే ఉంది. కాగితాల గదిలో అరలు ఖాళీ. అధికారి కూర్చునే ఎత్తు గచ్చు మీద కుర్చీ లేదు గానీ, కుర్చీ కాళ్లు ఆని ఆని పడిన గుంటలు ఉన్నాయి. ఆ హాలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు ఆగాయి. నన్ను చూసి ఎవరో అప్పుడే పక్కకు జరిగి దారి ఇచ్చినట్టు అనిపించింది.

ఆ పని చూస్తున్న ఒక చిన్న వయసు అధికారిణి ఫోను పట్టుకుని నా ముందుకొచ్చింది. "ఇక్కడ పని చేసినవాళ్ల గురించి ఏమైనా చెప్పండి సార్. తెరిచాక వచ్చినవాళ్లందరికీ ఇది వేసి చూపిస్తాం" అంది.

బావ నన్ను మోచేత్తో పొడిచాడు. "ఆ పిలుపు బంట్రోతు గొంతు ఎయ్యి బావా. పెళ్లిళ్లలో ఏత్తుంటావు కదా."

వేశాను. ఎడమ అరచెయ్యి చెవికి ఆనించి, మెడ చాచి, నోటికొచ్చిన ఒక పేరు పట్టుకుని గేటు దాటేలా మూడుసార్లు పిలిచాను. "ఇది మామూలు పిలుపు. ఇప్పుడు అవతలి పార్టీ చేతిలో నోటు పెట్టాక పిలుపు ఎలా ఉండేదో చూడండి" అని, అదే పేరును దోమ మూలిగినట్టు పిలిచాను. వసారా అంతా నవ్వు. అధికారిణి చేతిలో ఫోను కూడా నవ్వుకి ఊగింది.

జనం వెనక ఒక ఆడమనిషి నవ్వకుండా నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. చేతిలో గుడ్డలో చుట్టిన ఏదో వస్తువు. నేను చూస్తుండగానే ఆ గుడ్డను కొంగు కిందికి తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

"ఆయన కూతురు బాబూ" అన్నాడు కాపలావాడు. "నాన్న డవాలా బిళ్ల తెచ్చింది. ఇక్కడ పెడతారని."

ఆయన పేరు నేను రాయను. పొద్దస్తమానం పేర్లు పిలవడమే పనైన ఆ మనిషి, కచేరీ గేటు దాటాక ఎవరినీ పేరుతో పిలిచేవాడు కాదు. అందరూ ఆయనకు బావలే, మావలే, అత్తలే. ఇంట్లో పెళ్లాం 'ఇదిగో', కూతురు 'గుంట'. ఎందుకలా అని అడిగితే చెప్పాడు. ఒకసారి పలాస బజారులో స్నేహితుణ్ని చూసి సంతోషం పట్టలేక పేరు పెట్టి పిలిచాడట. ఆ మనిషి భుజం మీది బస్తా దబ్బున కింద పడేసి, చేతులు కట్టుకుని, "వచ్చేశానండి" అన్నాడట. "నా నోట్లోంచి పేరొత్తే కేసే అనుకుంటారు బావా. పెళ్లికి పిలిసినా గుండె దడే" అనేవాడు.

ఎర్ర పట్టీ భుజం మీంచి నడుముకు వేసుకుని, దాని మీద ఇత్తడి బిళ్లతో గుమ్మంలో నిలబడేవాడు. డవాలా బంట్రోతు అంటే అదే. లోపల అధికారి తగాదా వినే ముందు ఆ మనిషి పేరు మూడుసార్లు పిలవాలి. మూడోసారికీ పలక్కపోతే రాలేదని రాసేసుకుని తర్వాతి దానికి వెళ్లిపోయేవారు. రాకపోకల ఖర్చు, పొలం పని, ఎదురుచూసిన నెలలు, అన్నీ ఆ పిలుపులో ఉండేవి. గేటు బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడి చేతిలో గ్లాసు ఆ గొంతుకి తొణికేది. పిలుపుల మధ్య నాలుక కింద బెల్లం ముక్క పెట్టుకునేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ బెల్లం, బెల్లానికి ఎప్పుడూ చీమలు. మధ్యాహ్నం సముద్రం గాలి మళ్లితే విసుక్కునేవాడు. "మీ ఊళ్ల పేర్లు ముందుకెల్లవు బావా. నా నోట్లోకే తిరిగొచ్చేత్తన్నాయి" అనేవాడు.

మా ఊళ్లలో మూత్రపిండాల జబ్బు సంగతి కొత్తగా చెప్పేదేముంది. అర్జీ పెట్టుకున్న మనిషి వాయిదా వచ్చేనాటికి ఉండేవాడు కాదు. కాగితం మీద పేరు మాత్రం ఉండిపోయేది. పేరు ఉంటే పిలవాల్సిందే. ఒకసారి అలాగే వజ్రపుకొత్తూరు వైపు మనిషి పేరు మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి స్తంభం పక్క నుంచి ఒకావిడ "లేరు బాబూ" అంది. ఆయన తలూపి, లోపలికి ఆ మాట చెప్పి, భవనం వెనక్కి వెళ్లాడు. నేను బీడీ కాల్చుకుందామని అటే వెళ్లాను. కుళాయి దగ్గర నోరు పుక్కిలించి, తూర్పుకి తిరిగి, గోడ వైపు ఏదో గొణుగుతున్నాడు.

"ఏటి బావా, గోడతో మాటాడతన్నావు?"

"గోడతో కాదు. ఆడితో."

"ఎవడితో?"

"ఇప్పుడు పిలిసినోడితో. పోయినోడిని పేరెట్టి మూడుసార్లు పిలిత్తే ఊరుకుంటాడేటి? సర్కారు పిలుపు. బతికినన్నాళ్లూ దానికే బయపడ్డాడు. ఎక్కడున్నా లేసొచ్చేత్తాడు. వొచ్చి ఈ వసారాలో నిలబడిపోతే? ఆడికి ఎల్లిపొమ్మని ఎవడు సెప్తాడు? పిలిసినోడే సెప్పాల."

"ఏటని సెప్తావు?"

"నీకు కాదులే, ఎల్లిపో బావా అని."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. జేబులోంచి బెల్లం ముక్క తీసి, చీమ దులిపి, నా చేతిలో పెట్టాడు.

తర్వాత మా అన్నయ్య పోయాడు. అదే జబ్బు. మా జీడితోట గట్టు తగాదా అర్జీ అన్నయ్య పేరు మీదే ఉంది. వాయిదా నాడు నేను వెళ్లి వసారాలో కూర్చున్నాను. అన్నయ్య లేడని ముందే చెప్పి ఉంటే ఆ పిలుపు తప్పేది. చెప్పలేదు. అందరి ముందు ఆ మాట నా నోటితో అనడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఊరంతటికీ మాటకారిని నేను, ఆ ఒక్క మాట దగ్గర మూగవాణ్నయ్యాను.

అన్నయ్య పోయాడని బంట్రోతుకు తెలుసు. దినానికి వచ్చి భోజనం చేసి వెళ్లినవాడు. గుమ్మంలోకి వచ్చి నా వంక ఒకసారి చూసి, అన్నయ్య పేరు పిలిచాడు. పసిపిల్లను లేపుతున్న తల్లి పిలిచినట్టు పిలిచాడు. మూడోసారికి నేను లేచి తల అడ్డంగా ఊపాను. పని అయ్యాక నన్ను వెనక కుళాయి దగ్గరికి తీసుకెళ్లాడు.

"మీ అన్నని ఏటని పిలిసేవోడివి?"

"పెద్దన్నా అని."

"అయితే నువ్వే సెప్పు. నాను సెప్తే సర్కారు మాటనుకుంటాడు."

అటు పక్క కొబ్బరి చెట్టు నీడలో ఎవరో అన్నం తింటున్నారు. నాకు సిగ్గేసింది. ఊరి ప్రెసిడెంటు గోడతో మాట్లాడాడని చెప్పుకుంటారని. నేను చెప్పలేదు. ఆయన కొంచెంసేపు ఎదురుచూసి, నోరు పుక్కిలించి, తనే చెప్పాడు. "నీకు కాదులే బావా. కాగితం మీద ఉండిపోనాది, అంతే. ఇక్కడ నీకేటీ పన్లేదు. తమ్ముడు సూసుకుంటాడు. నువ్వెల్లు."

ఆ తర్వాత ఏళ్లలో ఆయన గొంతు తగ్గిపోయింది. ఉద్దానం పేర్లకు మాత్రమే. టెక్కలి పేరైతే గేటు దాటేది. మా వైపు పేరైతే గుమ్మంలో మూడుసార్లు పెదాలు కదిపినట్టు పిలిచి, మెట్లు దిగి జనంలోకి వెళ్లి, ఒక్కొక్కరి మొహంలోకి చూసి, "నువ్వేనా? రా బావా, నీదే" అని భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చేవాడు. అలా ఎవరికీ వాయిదా పోలేదు. ఒక్క జీడిపప్పు వ్యాపారికి తప్ప. ఆ వ్యాపారి ఫలహారానికి బజారులోకి వెళ్లి కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి తన వంతు అయిపోయింది. బంట్రోతు అవతలివాళ్ల దగ్గర డబ్బులు తిని నెమ్మదిగా పిలిచాడని గేటు దగ్గర అరిచాడు. ఆ మాట రుచిగా ఉంది. బస్సుల్లో ఎక్కింది, ఊళ్లలో దిగింది.

నేనే అడిగాను. "గట్టిగా పిలిసేత్తే ఈ నింద పోద్ది కదా."

"నిందదేటి బావా, నా ఒక్కడికే. పోయినోళ్లంతా లేసి వత్తే అంతమందిని నాను పంపగలనేటి?" అని, గొంతు పట్టుకు చూపించాడు. "నాకిక సాలదు."

ఉద్యోగం అయిపోయాక ఆ జబ్బు ఆయన దగ్గరికీ వచ్చింది. రక్తం శుద్ధి చేయించుకునే చోట ఒకసారి చూశాను. నర్సు ఆయన పేరు పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. "నిన్నే బావా" అన్నాను. నా చెయ్యి నొక్కి ఆపాడు. "మూడోది కూడా పిలవనీ. పద్ధతి ఉంటాది కదా." మూడోసారికి లేచి, లేని ఎర్రపట్టీ సర్దుకుని వెళ్లాడు. నేనాయన్ని చూడ్డం అదే ఆఖరు. పోయినప్పుడు నేను విశాఖపట్నంలో ఉన్నాను. వెళ్లలేదు. రావాలంటే వచ్చేవాణ్నే.

ఇంత తెలిసీ పెళ్లి పందిళ్లలో ఆయన గొంతు వేస్తూ వచ్చాను. మొదట గొంతు ఒక్కటే వేసేవాణ్ని. నవ్వు పల్చబడిన రోజున ఆ నోటు సంగతి చేర్చాను. అప్పటి నుంచి నవ్వు తగ్గలేదు.

ఆ రోజు కచేరీ నుంచి తిరిగొస్తున్నప్పుడు బండి మీద బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "అంతా బాగానే ఉంది గానీ, మీ అన్నయ్య పేరెందుకు పట్టావు బావా? వేరే పేరే దొరకలేదేటి?"

అప్పుడు తెలిసింది నాకు. నోటికొచ్చిన పేరు అనుకున్నాను. ఆ గుమ్మంలో నిలబడి, చెవికి చెయ్యి ఆనించి, మా పెద్దన్న పేరును గేటు దాటేలా మూడుసార్లు పిలిచాను. తిప్పి పంపేవాడు లేడు. జీడితోటల మధ్య రోడ్డు మీద, పట్టపగలు, నేను వెనక్కి తిరిగి చూశాను.

సాయంత్రానికి ఆ వీడియో ఫోన్లలోకి ఎక్కింది. ఎవరు పంపారో తెలియదు. మర్నాడు బంట్రోతు కూతురి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. పలాసకి దగ్గర ఊరే. ఆమె జీడిపిక్కలు కొట్టే పని నుంచి అప్పుడే వచ్చింది. వేళ్లకి జీడి నల్లగా పట్టి ఉంది. నన్ను చూసి పీట వెయ్యలేదు.

"తప్పయిపోయిందమ్మా. అది అబద్ధం. మీ నాన్న ఎందుకు గొంతు తగ్గించాడో నాకు తెలుసు."

"నాకూ తెలుసు బాబూ. మా ఇంట్లోనూ పుక్కిలించేవోడు. నాకు సెప్పడానికి ఇంతదూరం వచ్చారేటి?" ఆమె గొంతు పెంచలేదు. "లంచాలు తిన్నోడి కూతురని నన్ను ఈ ఇంట్లో అడుగెట్టిన కాణ్నుంచీ అంటన్నారు. ఏదో ఊసుపోక అంటన్నార్లే అని ఊరుకునేదాన్ని. నిన్న మా ఆడపడుచు మీ ఈడియో తెచ్చి నాకే సూపించింది. పెసిడెంటు బాబే సెప్పాడు, ఇంకేటుంది, అంది. ఇప్పుడు నానేటి సెప్పాల?"

"ఏం చెయ్యమంటావు?"

"నవ్వినోళ్లకి సెప్పండి. నాను నవ్వలేదు కదా."

అంతే అంది. లోపలికి వెళ్లి కుండలో నీళ్లు ముంచుకుని చేతులు కడుక్కుంది. నేను ఎంతసేపు నిలబడినా మళ్లీ బయటికి రాలేదు.

కచేరీకి వెళ్లి అధికారిణిని కలిశాను. ముందుది తీసేయమన్నాను. ఆమె మంచి పిల్ల. తీసేసింది. ఆ గుమ్మం దగ్గరే నిలబడి మళ్లీ చెప్పాను, గొంతు ఏమీ వేయకుండా. ఆయన పిలుపు ఎలా ఉండేదో, ఎందుకు తగ్గిందో, ముందురోజు నేను చెప్పింది ఎందుకు అబద్ధమో. అయ్యాక ఆమె ఫోను చూసుకుని, "మొదటిదంత బాగా రాలేదు సార్" అంది. "రాదమ్మా" అన్నాను. దాన్నే ఉంచమన్నాను.

తర్వాత వెనక్కి వెళ్లాను. కుళాయి ఊడదీసేశారు, గోడలో గొట్టం ముక్క ఉంది. సీసాలో నీళ్లతో నోరు పుక్కిలించాను. కూలీలు సున్నం కలుపుతూ నా వంకే చూస్తున్నారు. తూర్పుకి తిరిగి, వాళ్లకు వినపడుతుందని తెలిసే, మా అన్నయ్యకు చెప్పాల్సింది చెప్పాను. అన్నయ్య విన్నాడో లేదో నాకు తెలియదు. గాలి మళ్లిన వేళ అది. మాట నా మొహానికే కొట్టింది. చెప్పాక కూడా తేలికపడలేదు. ఇంకొకరెవరో ఆ గోడ పక్కన నిలబడి, నా తర్వాత తన వంతు కోసం చూస్తున్నట్టే ఉంది. ఆ పిలిచేవాడికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. "నేను చూసుకుంటాను బావా" అన్నాను.

ఆదివారం పొద్దున్నే ఆమె అత్తవారి వీధిలోకి వెళ్లాను. అక్కడ కొబ్బరికాయల రాశి దగ్గర పీచు ఒలిచే మగవాళ్లు, వాళ్లకు టీలు ఇచ్చే ఆడవాళ్లు, పని లేనివాళ్లు, అందరూ ఉంటారు. నన్ను చూడగానే మొహాలు విప్పారాయి.

"రండి బాబూ, రండి. ఆ గొంతు ఓసారి ఎయ్యండి. ఫోన్లో సరిగ్గా వినపళ్లేదు."

"అది చెప్పడానికే వచ్చాను. నేను చెప్పింది అబద్ధం. ఆయన ఎవరి దగ్గరా డబ్బులు తినలేదు."

పెద్ద నవ్వు లేచింది. నేను కొత్త హాస్యం మొదలుపెట్టాననుకున్నారు. ఒకడు ఒలుస్తున్న కాయ కింద పెట్టి మరీ నవ్వాడు. ఇన్నేళ్లుగా నేను వాళ్లకు నేర్పిందదే. నవ్వనీ అని నిలబడ్డాను. ఇదివరకు నవ్వు తగ్గుతుంటే ఇంకో మాట వేసి లేపేవాణ్ని. ఆ రోజు తగ్గనిచ్చాను. తగ్గాక మా అన్నయ్య వాయిదా నాటి సంగతి చెప్పాను. అన్నయ్య పేరు విన్నాక ఒకరిద్దరు తలలు దించుకున్నారు. ఆ వీధిలోనూ పేర్లు కాగితాల మీద మిగిలిపోయిన ఇళ్లున్నాయి.

కత్తి దగ్గరున్న ముసలాయన అడిగాడు. "అయితే డబ్బులు తిన్లేదన్నమాట."

"లేదు."

"మరి తిన్నాడని ఎందుకన్నారు బాబూ?"

"మీరు నవ్వుతారని."

ముసలాయన ఇంకో కాయ తీసి కత్తికి గుచ్చాడు. అందరికీ వెనక, గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని ఆమె ఆడపడుచు నిలబడి ఉంది. నా మొహం వంక చాలాసేపు చూసింది. తర్వాత గ్లాసులు అరుగు మీద పెట్టేసింది.

"మాకు సెప్పారు సరే. మాయమ్మ లోపలుంది. ఆ మాట ఎక్కువగా అనేది ఆవిడే. ఆవిడికి సెవుడు. లోపలికొచ్చి గట్టిగా సెప్పండి."

లోపలికి వెళ్లాను. ముసలావిడ మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ చెవికి నోరు ఆనించి, ఆయన లంచం తినలేదని వీధి చివరి దాకా వినపడేలా చెప్పాను. ఆవిడ నా వంక తిరిగి, "ఎవరూ?" అంది. మళ్లీ చెప్పాను.